పక్కన పెట్టిన రాతిముక్క

రాతి పరీక్షల గదిలో అతనిది పదకొండేళ్ల అనుభవం. 'చేత్తో పట్టుకుంటే చాలు, రాయి గుణం చెప్పేస్తాడు' అని పెద్ద ఇంజినీరు నలుగురిలో అనేవాడు. ఆ పొగడ్తే అతని కొంప ముంచింది.

ఫ్యాక్టరీలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కిలోమీటరున్నర లోతుకు పంపి, భూమిలో దాచే పని వాళ్లది. అది తిరిగి పైకి రాకుండా ఆపాల్సినవి రెండు: మూతలా పరుచుకున్న గట్టి రాతిపొర, బావి గొట్టం చుట్టూ నింపిన సిమెంటు. సిమెంటు పని అతని అక్క మొగుడిది. రాతిపొరకు ఢోకా లేదని సంతకం పెట్టింది అతను.

ఆ పొర నుంచి తీసిన ముక్కల్లో ఒకదానికి వెంట్రుకంత పగులు కనిపించింది. పైకి లాగేటప్పుడు పగిలిందిలే అనుకున్నాడు. అలా పగలడం మామూలే. నివేదిక మర్నాటికల్లా కావాలి. ఆ ముక్కను సొరుగులో పడేసి, పక్కనున్న మంచి ముక్కకు పరీక్ష చేసి 'లీకు లేదు' అని రాసేశాడు.

వాయువు పంపడం మొదలైన ఏడో నెలలో, రాతిమూతకు పైనున్న పొరలో ఒత్తిడి పెరుగుతోందని మీటరు చూపించింది; అంటే వాయువు పైకి కారుతోంది. అందరి వేళ్లూ సిమెంటు వైపే తిరిగాయి. బావను పని నుంచి తప్పించి ఇంట్లో కూర్చోబెట్టారు.

ఆ ఆదివారం అక్క భోజనానికి పిలిచింది.

"నా చెయ్యే ఎక్కడో తప్పి ఉంటుందిరా బామ్మర్దీ," అన్నాడు బావ, కంచంలో కెలుకుతూ. "రాయి నువ్వు చూశావుగా. ఇంక దాన్ని అనుమానించే పనేముంది?"

అతను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. "ఇంకాస్త కూర వెయ్యనా?" అని అక్క అడిగితే కాదనలేక వేయించుకున్నాడు కూడా.

నాలుగు రోజులు ఆ సొరుగు జోలికి పోలేదు. అయిదో రోజు ముక్కను తీసి భూతద్దం కింద పెట్టాడు. పగులు లోపల తెల్లటి పూత. కొత్తగా పగిలినదైతే శుభ్రంగా ఉండాలి. ఇది ఏ కాలంలోనో పగిలి, నీళ్లు పారి గార కట్టింది. అప్పుడే చూసుంటే అంతా కలిపి నిమిషం పని.

ముక్కను తీసుకుని పెద్ద ఇంజినీరు గదికి వెళ్లాడు.

"ఈ పగులు నేను అప్పుడే చూశాను సార్. చూసి కూడా రాయలేదు."

ఆయన ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు. "ఇలా రాయనివి ఇంకెన్ని ఉన్నాయి?"

"ఇదొక్కటే సార్." ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు.

ఆ మధ్యాహ్నమే వాయువు ఆపేశారు. మిగతా ముక్కల్లోనూ అలాంటి పగుళ్లు బయటపడ్డాయి. ఆ బావిని శాశ్వతంగా మూసేశారు. బావను మళ్లీ పనిలోకి పిలిచారు. అతని సంతకానికి విలువ పోయింది. నిన్నటిదాకా అతన్ని సార్ అన్న జూనియర్ అమ్మాయి అతని పాత నివేదికలన్నీ తిరగేస్తుంటే, ఆమెకు రాళ్ల పెట్టెలు మోసి అందించడం అతని పనైంది.

బావకు తనే వెళ్లి చెప్పాడు. బావ అరవలేదు.

"తప్పు ఎవరైనా చేస్తారు. కానీ ఆ ఆదివారం నా ఎదురుగా కూర్చుని కూర ఎలా వేయించుకున్నారండీ?"

తలుపు దగ్గర నిలబడ్డ అక్క మొహం తిప్పుకుంది. పదిహేనేళ్లుగా అతన్ని 'ఒరేయ్' అంటూ వచ్చిన మనిషి బావ. ఆ రోజు నుంచి పనిచోట ఎదురైనా అతన్ని 'మీరు' అనే పిలుస్తాడు, "బాగున్నారా?" అంటాడు. ఆ 'మీరు' విన్నప్పుడల్లా అతని తల దానంతటదే వాలిపోతుంది.