లోపలి జేబు

పర్మిట్ కౌంటర్లో కూర్చునే ఆమెకి సొంత పేరు ఒకటి ఉంది గానీ, అడవికి వచ్చేవాళ్ళూ గేటు దగ్గరి గార్డూ అందరూ ఆమెని జేబులమ్మ అనే అంటారు. ఎదురుగా కాదు, చాటుగా. కొండ దారుల్లో రెండు మూడు రోజులు నడిచి రావడానికి బయల్దేరేవాళ్ళ సంచుల్లో ఆమె చెయ్యి పెట్టని జేబంటూ ఉండదు. చొక్కా జేబులు, టెంటు మడతలు, చివరికి టోపీ లోపలి అంచు కూడా తడిమి చూస్తుంది. ఒక్క చాక్లెట్ బయటపడినా సరే, దాన్ని తిండి జాబితాలో రాయించందే పర్మిట్ మీద ముద్ర వెయ్యదు.

"ఎలుగుబంటి కూడా ఇంతలా వెతకదు మేడమ్," అన్నాడు ఆ మధ్య ఒక హుషారు మనిషి.

"అది వెతకదు, వాసన చూస్తుంది. దానికి నా అంత టైము పట్టదు," అందామె.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వు మానేసి ఎనిమిదేళ్ళయింది.

ఆఫీసంటే ఒకటే గది. కౌంటర్ వెనక గోడ నిండా దారుల పటం, ముందు రెండు పొడుగాటి బల్లలు. పటం మీద నాలుగు మజిలీలకి నాలుగు గుండుసూదులు. పొద్దున ఎనిమిదింటికి వచ్చినవాళ్ళందరినీ బల్లల మీద కూర్చోబెట్టి పావుగంట సేపు జాగ్రత్తలు చెప్పాలి, అది రూలు. ఎలుగుబంటి ఎదురైతే పరిగెత్తకూడదు. వీపు చూపించకూడదు. మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వెయ్యాలి. పొదల మధ్య నడిచేటప్పుడు చప్పుడు చేస్తూ నడవాలి. వంట టెంటుకి దూరంగా చేసుకోవాలి, తిండి సంచి మజిలీలో పాతిన ఇనుప స్తంభానికి ఎత్తుగా వేలాడగట్టాలి. టెంటులో తినే వస్తువన్నది ఉండకూడదు, సబ్బూ పేస్టూ కూడా ఉండకూడదు. సరిగ్గా ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పమని పైఆఫీసు వాళ్ళు కాగితం మీద రాసి పంపారు. 'ఎనిమిదేళ్ళ క్రితం ఒక వ్యక్తి నిర్లక్ష్యంగా టెంటులో తిండి దాచుకున్నందువల్ల ఎలుగుబంటి దాడిలో ప్రాణాలు కోల్పోయాడు.' ఏళ్ళ అంకె మాత్రం ప్రతి ఏడూ ఆమే కొట్టేసి, పక్కన కొత్తది రాసుకుంటుంది.

ఆ వ్యక్తి ఆమె సొంత తమ్ముడు. ఆ వాక్యం అబద్ధమని తెలిసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

తల్లి పోయేనాటికి ఆమెకి పద్నాలుగేళ్ళు, తమ్ముడికి ఆరు. వాడు తెల్లారీ తెల్లారకముందే ఆకలని లేచి ఏడ్చేవాడు. అందుకని వాడి దిండు కింద రోజూ నాలుగు బిస్కెట్లు పెట్టేది. వాడు పెద్దవాడై, పెళ్ళాడి, ఒక ఆడపిల్లకి తండ్రయ్యాడు. అయినా ఆమె కళ్ళకి మాత్రం వాడు ఆకలితో లేచే పిల్లాడే. ఆ రోజు వాడి సంచి తనిఖీ చేసింది ఆమే. జాబితా ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. వాడు సంతకం పెట్టడానికి అటు వంగగానే, స్లీపింగ్ బ్యాగ్ తల దగ్గర ఉన్న లోపలి జేబులో చిన్న కొబ్బరి బిస్కెట్ల పొట్లం దూర్చి జిప్పు లాగేసింది. పొద్దున్నే చేతికి తగిలితే అక్కని తలుచుకుని నవ్వుకుంటాడనుకుంది. రోజూ నలభై మందికి జాగ్రత్తలు నూరిపోసే మనిషికి, తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి మతి పోయింది. రూల్సన్నీ పరాయివాళ్ళకీ, ప్రేమంతా మనవాళ్ళకీ అనుకుంటాం మనం. ఆ తర్వాత 'తనిఖీ చేశాను, జాబితాలోవి తప్ప మరేమీ లేవు' అన్నచోట చక్కగా సంతకం పెట్టింది.

విచారణకి వచ్చిన ఆఫీసరు చిరిగిన పొట్లం చూపించి, "మీ తమ్ముడికి ఇలా తిండి దాచుకునే అలవాటుందా అమ్మా?" అని అడిగాడు. ఆమె తల వంచుకుంది. ఆయన దాన్ని ఔనని రాసుకున్నాడు. తమ్ముడు మిగతా తిండంతా స్తంభానికి పద్ధతిగా వేలాడగట్టిన సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమె మొదటి రోజు చెప్పలేకపోయింది. రెండో రోజు చెబితే నిన్నెందుకు చెప్పలేదంటారు. అలా అలా ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చింది. మరదలి ఇల్లు నాలుగు వీధుల అవతలే, అయినా అటు వెళ్ళడం మానేసింది. మరదలూ ఇటు రావడం మానేసింది. తనమీద అనుమానం వచ్చే మరదలు ముఖం చాటేస్తోందని ఈమె అనుకునేది.

ఆ మంగళవారం పొద్దున ఉదాహరణ వాక్యం దగ్గరికి వచ్చి ఎందుకో కాగితంలోంచి తలెత్తింది. వెనక బల్ల చివర, సంచి ఒళ్ళో పెట్టుకుని మేనకోడలు కూర్చుని ఉంది. చిన్నప్పుడు బక్కగా ఉండేదని ఇంటిల్లిపాదీ గువ్వ అని పిలిచేవాళ్ళు. ఆమె కాగితం దించబోయింది. అయినా ఆ వాక్యం చదివింది, పిల్ల ముఖం మీదే చదివింది. అంతకన్నా సిగ్గుమాలిన పని ఆమె జన్మలో చెయ్యలేదు.

మిగతావాళ్ళంతా పర్మిట్లు తీసుకుని వెళ్ళిపోయాక గువ్వ కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఒక్కదానికే అత్తా. మూడో మజిలీ, ఒక్క రాత్రి."

తమ్ముడు పోయింది ఆ మూడో మజిలీలోనే.

"మీ అమ్మకి తెలుసా?"

"పద్దెనిమిది నిండాయి. అమ్మని అడగాలని రూల్సులో లేదు."

"రూల్సు నాకే చెప్తున్నావా?"

"నువ్వేగా నేర్పావు, చిన్నప్పుడు ఈ బల్ల మీద కూర్చోబెట్టి."

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు జాగ్రత్తలన్నీ తిరిగి అప్పజెప్పాలి. గువ్వ ఎక్కడా తడబడకుండా అప్పజెప్పుకుంటూ వచ్చి, టెంటులో తిండి ఉండకూడదు అన్నచోట ఆగిపోయింది.

"ఆ ఉదాహరణ తీసెయ్యాలత్తా. నాన్నది నిర్లక్ష్యం కాదు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎవరన్నారు?"

"ఆ బిస్కెట్లు నావి." గువ్వ కౌంటర్ అంచుని గోటితో గీరుతూ చెప్పింది. "నాన్న బయల్దేరే ముందు వారమంతా ఆ స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి ఆడుకున్నాను. నువ్వు తెచ్చిన కొబ్బరి బిస్కెట్లు దాన్లోనే కూర్చుని తినేదాన్ని. ఒక పొట్లం మర్చిపోయుంటాను. అమ్మకి తెలుసు. ఒక్క మాట కూడా అనలేదు. కానీ అప్పట్నుంచీ ఇంట్లోకి బిస్కెట్ రానివ్వలేదు. అక్కడికెళ్ళి నాన్నకి చెప్పుకుందామని, అంతే. నీకు ముందు చెప్పాలనిపించింది. నీ తమ్ముడు కదా."

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావే ఇలా?"

"అప్పట్నుంచే."

పదేళ్ళ పిల్ల. అప్పటికి ఇంకా పాలపళ్ళు పూర్తిగా ఊడని పిల్ల. తను పెట్టిన పొట్లాన్ని ఆ పిల్ల ఇన్నేళ్ళూ మోసింది. ఇప్పుడు కూడా నోరు మూసుకుని ముద్ర వేసేస్తే సరిపోతుంది. పిల్ల వెళ్ళి ఏడ్చి వస్తుంది, తన పరువు తన దగ్గరే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చిందని ఆమె దాచుకోలేదు, తర్వాత మరదలికి కూడా చెప్పింది.

"అవి నీవి కావే."

"నువ్వలాగే అంటావని తెలుసత్తా."

"నిన్ను ఊరడించడానికి కాదు. నేను పెట్టాను. నాన్న అక్కడ సంతకం పెడుతుంటే ఇక్కడ నిలబడి ఈ చేత్తోనే పెట్టాను. వాడికి తెలీదు. వాడు ఒక్క రూలు కూడా తప్పలేదు."

గువ్వ ఆ చెయ్యి వంక చూసింది. గార్డు తలుపులోంచి తొంగిచూసి, "ఇంకెవరైనా ఉన్నారా మేడమ్? గేటు వేసెయ్యనా?" అన్నాడు. వేసెయ్యమంది. అతను వెళ్ళేదాకా ఇద్దరూ కదల్లేదు.

"పర్మిట్ ఇవాళ వద్దు," అంది గువ్వ చివరికి. "ఇంటికి పద. అమ్మకి చెప్పు."

"ఆదివారం వస్తాను, నిదానంగా కూర్చుని..."

"ఇప్పుడే అత్తా."

నాలుగు వీధులూ గువ్వ నాలుగడుగులు ముందే నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మరదలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, దాని చుట్టూ సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు. తమ్ముడు టార్చి పెట్టుకుంటాడని స్లీపింగ్ బ్యాగ్‌కి ఆ లోపలి జేబు కుట్టింది కూడా ఈవిడే. ఆడపడుచుని గుమ్మంలో చూసి కంగారుగా లేవబోయింది. "కూర్చో వదినా" అనే లోపే ఆమె నిలబడే అంతా చెప్పేసింది. ఎక్కడైనా ఆగితే మళ్ళీ ఎనిమిదేళ్ళు పడుతుందని ఆమె భయం.

మరదలి కాలు మిషను మీదే ఉండిపోయింది.

"అంటే, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆ జేబులో ఏమీ లేదు."

"లేదు."

"ముందురోజు సాయంత్రం నేనే సర్దాను. ఇది తిని పడేసిన ముక్కలన్నీ దులిపాను. ఆ జేబు బయటికి తిప్పి మరీ చూశాను వదినా. కానీ ఆ తర్వాత..." ఆవిడ మిషను మీది చొక్కా ఒళ్ళోకి లాక్కుంది. "చూశానో లేదో. చూడకుండానే చూసినట్టు నాకు నేను చెప్పుకుంటున్నానేమో. రోజూ అదే. మిషను ముందు కూర్చుంటే అదే. నీకు తెలిస్తే నీ తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నానని అంటావని నీ గుమ్మం తొక్కలేదు."

ఆమెకి అప్పుడర్థమైంది, తను దాచిన ఒక్క తప్పుని ఎనిమిదేళ్ళుగా ముగ్గురూ ఎవరికి వాళ్ళు తమదేననుకుని మోశారని.

"చూశాను," అంది మరదలు. మళ్ళీ అంది, "నేను చూశాను." అలా అంటూనే ఆ చొక్కాలో ముఖం దాచుకుని భోరుమంది. గువ్వ వెళ్ళి తల్లి భుజాలు పట్టుకుంది. ఆమె మాత్రం గుమ్మం పక్కనే నిలబడింది. దగ్గరికి వెళ్ళే హక్కు తనకి లేదని ఆమెకి తెలుసు.

"నన్ను తిట్టు," అంది.

"తిట్టాల్సినప్పుడు నువ్వు రాలేదు." మరదలు ముక్కు తుడుచుకుంది. "ఆ కాగితంలో ఆయన నిర్లక్ష్యమని రాసుంది. రోజూ ఊళ్ళోవాళ్ళకి అదే చదివి వినిపిస్తావట."

"ఇవాళే రాసి పంపిస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

"పోతుందో ఉంటుందో నాకనవసరం. ఆయన పేరు బాగుపడాలి." మరదలు కాసేపు కూతురి వంక చూసింది. "రేపటికి ఇద్దరికి పర్మిట్ రాయి. నేనూ వెళ్తాను దీంతో."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బల్లల మీద పదకొండు మంది కూర్చున్నారు. వెనక బల్ల మీద తల్లీ కూతురూ ఉన్నారు. పైఆఫీసుకి రాసిన ఉత్తరం అప్పటికే టపా సంచిలో ఉంది. ఆమె ఎప్పటిలాగే అన్ని జాగ్రత్తలూ చెప్పింది. ఉదాహరణ దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది.

"ఎనిమిదేళ్ళ క్రితం ఒకతను మూడో మజిలీలో టెంటు వేసుకున్నాడు. తిండంతా స్తంభానికి కట్టాడు. ఏ రూలూ తప్పలేదు. అతని అక్క ఈ కౌంటర్లో పనిచేస్తుంది. అతనికి చెప్పకుండా ఒక బిస్కెట్ల పొట్లం అతని పక్కబట్టల్లో పెట్టింది. తెల్లవారుజామున ఆ వాసనకి ఎలుగుబంటి వచ్చింది." వెనక బల్ల వంక చూసింది. "మీ సంచుల్లో మీవాళ్ళు ఏం పెట్టారో చూసుకోండి. ప్రేమతో పెట్టేవాళ్ళు మీకు చెప్పరు."

ఒకాయన సంచి ముందుకి లాక్కుని జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. పక్కనున్నవాళ్ళూ అదే పని చేశారు.

తల్లీకూతుళ్ళ వంతు వచ్చింది. ఆమె గార్డుని పిలిచి, "వీళ్ళ సంచులు నువ్వు చూడు," అంది.

"అతనెందుకు? నువ్వే చూడు వదినా," అంది మరదలు. గువ్వ స్లీపింగ్ బ్యాగ్ తీసి కౌంటర్ మీద పరిచింది. దీనికీ తల దగ్గర లోపలి జేబు ఉంది, మరదలి కుట్టే. ఆమె చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది. మరదలు ఒక్క క్షణం చూసి, తనే జిప్పు లాగి జేబు మొత్తం బయటికి తిప్పి ఆమె ముందు పెట్టింది.

"చూశావా?"

"చూశాను."

"సరిగ్గా చూడు."

ఆమె వంగి కుట్టు కుట్టూ చూసింది. దారం తప్ప ఏమీ లేదు.

"చూశాను," అంది.

"అయితే సంతకం పెట్టు," అంది మరదలు.