కళ్ళు పెట్టని కుందేలు

బెజవాడలో ఊలు అల్లే మనిషిని ఎవరైనా చూశారా? తొమ్మిది నెలలు ఎండ, మూడు నెలలు ఉక్కపోత ఉండే ఊళ్ళో ఊలుతో పనేంటంటారు గానీ, భవానీపురంలో జమాల్ బీ అల్లేది. వీధిలో ఎవరింట కాన్పు దగ్గరపడినా ఆవిడ అల్లిన టోపీ, మేజోళ్ళు ఆ ఇంటికి చేరాల్సిందే. అవి తొడిగితే బిడ్డకి చెమటకాయలు లేస్తాయని తెలిసినా వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. మనసు వెన్నే, నోరు మాత్రం మంచిది కాదు.

అలాంటి మనిషి సొంత కోడలికి రెండో కాన్పంటే ఊరుకుంటుందా? పోయిన భర్త చలికాలం తెల్లవారుజామున నమాజుకు వెళ్తూ చుట్టుకునే తెల్ల మఫ్లర్ ఒకటి పెట్టెలో ఉంటే, దాన్ని విప్పి ఆ ఊలుతో కుందేలుబొమ్మ అల్లింది. పొడుగాటి చెవులు, గుండ్రటి పొట్ట, బుల్లి తోక, అన్నీ పెట్టింది. మొహం మాత్రం పెట్టలేదు. కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోట ఒట్టి ఊలు.

"కళ్ళేవి దాదీ?" అని ఆరేళ్ళ మనవరాలు సిద్రా అడిగింది.

"రూపం ఇచ్చేది పైవాడే. ఆయన పని మనకెందుకు?" అని కొట్టిపారేసింది జమాల్ బీ.

మగపిల్లాడైతే అమన్ అని పేరు కూడా అనుకున్నారు. మగపిల్లాడే పుట్టాడు. పుట్టాడంతే, ఏడవలేదు.

ఆపరేషన్ మత్తు దిగి కోడలు నసీమా కళ్ళు తెరిచేసరికి సాయంత్రమైంది. అప్పటికి అంతా అయిపోయింది. జమాల్ బీ బిడ్డకి స్నానం చేయించి తెల్లగుడ్డలో చుట్టింది. తండ్రి హుమాయూన్, మరో నలుగురు మగవాళ్ళు తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చారు. తల్లికి చూపించొద్దు, మొహం చూసిందంటే జన్మలో మర్చిపోలేదు అన్నది జమాల్ బీ తీర్పు. మంచికే అంది పాపం. ఆ వీధిలో పెద్దవాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. నసీమా కూడా అడగలేదు. ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. ఇది తొంభై ఏడు ఆగస్టులో మాట.

దుఃఖం వస్తే మనిషి ఏడవాలి కదా? నసీమాకి ఏడుపే రాలేదు. ఇల్లు ఊడ్చేది, బియ్యం కడిగేది, సిద్రాకి జడలు వేసేది. పొయ్యి మీద కూర అడుగంటుతుంటే పక్కనే కూర్చుని ఉండేది. పక్కింటి శౌరమ్మ గోడ మీంచి "నసీమా, మాడిపోతోందే!" అని కేక పెడితే అప్పుడు లేచి దింపేది. బాధ లేదు, కోపం లేదు, ఆకలీ లేదు. పొద్దున లేచామా, రాత్రి పడుకున్నామా, అంతే.

హుమాయూన్‌కి వన్‌టౌన్‌లో గొడుగులూ సూట్‌కేసులూ బాగుచేసే కొట్టుంది. విరిగిన ఊచ ఏదైనా సరిచేస్తాడు గానీ, పెళ్ళాన్ని ఏం చేయాలో అతనికి తోచలేదు. డాక్టరమ్మ "నాలుగు చోట్లకి తిప్పండి, అదే సర్దుకుంటుంది" అంది కదాని, ఆదివారం కొట్టు కట్టెయ్యడం, స్కూటర్ తీయడం. గాంధీకొండ ఎక్కించాడు. బ్యారేజీ మీద మొక్కజొన్న కంకులు తినిపించాడు. లాంచీ ఎక్కించి భవానీ ద్వీపం చూపించాడు. పెళ్ళైన కొత్తలో కూడా అన్ని చోట్లు తిప్పి ఉండడు.

ఎక్కడికెళ్ళినా కుందేలు వెంటే. దాన్ని చంకన పెట్టుకోనిదే సిద్రా గడప దాటేది కాదు. ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పకుండానే తోచిందో, ఆ బొమ్మకి అమన్ అని పేరు పెట్టేసింది.

"అమన్ ముందు నించుంటాడు అబ్బా, వాడికి గాలి కావాలి," అనేది తండ్రితో.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు హుమాయూన్ స్కూటర్ కిక్ కొట్టబోయి ఆగిపోయాడు. జమాల్ బీ గబగబా లోపలికెళ్ళిపోయింది. పసిదాని నోరు ఎవరు మూస్తారు? ఏమని మూస్తారు? అలా ఆ పేరు ఇంట్లో తిరగసాగింది. నసీమా మాత్రం ఒక్కసారీ పలకలేదు. బొమ్మని ముట్టుకోనూ లేదు. దారిలో అడ్డంగా పడి ఉంటే "సిద్రా, వచ్చి తీసుకో" అనేది.

లాంచీలో ఓ ఆదివారం ఆ కుందేలు సిద్రా చేతిలోంచి జారి రెయిలింగు దాటబోయింది. హుమాయూన్ ఎగిరి చెవి పట్టుకున్నాడు, లాంచీవాడు కూడా పరిగెత్తుకొచ్చాడు. నసీమా కూర్చున్నచోటే కూర్చుని ఉంది. నేనెందుకు కదల్లేదు అనుకుంది. ఆ అనుకోవడం కూడా కాసేపే.

ఇక జనం సంగతి చెప్పేదేముంది! ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, "కళ్ళేవమ్మా నీ బొమ్మకి?" సిద్రా తడుముకోకుండా "మా దాదీ పెట్టలేదు" అని చెప్పేది. మంగళగిరి బస్సులో కండక్టరైతే "చూపులేని కుందేలుకి మా బస్సులో పాసు ఉందిలే పాపా" అని కూడా వేళాకోళమాడాడు. బస్సంతా నవ్వింది. నసీమా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఆ మంగళగిరి ప్రయాణం హుమాయూన్ ఆలోచనే. మంచి నేతచీర కొనిస్తే మనిషి తేరుకుంటుందని అతని ఆశ. వెర్రిబాగులవాడు. తెలిసిన నేతగాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ ఇంటావిడ పద్మావతమ్మ చాపేసి కూర్చోబెట్టి, చల్లమజ్జిగ ఇచ్చి, చీరలు ఒక్కొక్కటీ విప్పి పరిచింది. నసీమా అన్నిటికీ "బాగుందండీ" అంది. ఎరుపుదీ బాగుంది, పసుపుదీ బాగుంది.

ఈలోగా పద్మావతమ్మ కన్ను సిద్రా ఒళ్ళోని బొమ్మ మీద పడింది.

"అయ్యో, కళ్ళు లేవేంటమ్మా! ఏం పేరు?"

"అమన్. మా తమ్ముడు."

"తమ్ముడికి కళ్ళు లేకపోతే అక్కని ఎట్టా చూస్తాడే పిచ్చిపిల్లా! ఉండు."

లేచి గూట్లోంచి కాటుకభరిణ తెచ్చింది. ఎవరైనా వద్దనేలోపే వేలితో రెండు పెద్ద పెద్ద గుండ్రటి కళ్ళు దిద్దింది. దిష్టి తగలకుండా బుగ్గన ఓ చుక్క కూడా పెట్టింది. సిద్రా చప్పట్లు కొట్టింది. పద్మావతమ్మ మురిసిపోతూ ఆ బొమ్మని నసీమా మొహానికెదురుగా పట్టి, "చూడమ్మా, నీ కొడుకు ఎట్టా చూస్తున్నాడో!" అంది.

మంచి మనిషి. ఆవిడకేం తెలుసు?

నసీమా చూసింది. రెండు నల్లటి కళ్ళు రెప్పలార్చకుండా తననే చూస్తున్నాయి. ఆరు నెలలుగా ఏమీ తగలని గుండెలో ఏదో సూదిలా గుచ్చుకుంది. ఇవి వాడి కళ్ళు కావు అనుకుంది. వెంటనే, కావని నాకెలా తెలుసు అనుకుంది. ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తిరుగు బస్సులో ఇల్లు చేరేదాకా ఆమె బొమ్మ మీంచి చూపు తిప్పలేదు. చీర కొన్న సంగతి కూడా ఎరగదు.

ఇంట్లో అడుగుపెట్టగానే జమాల్ బీ బొమ్మని చూసి అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఎవరు పెట్టారివి? నువ్వు పక్కనుండి చూస్తూ ఊరుకున్నావట్రా హుమాయూన్!"

బొమ్మని లాక్కుని పంపు కింద పెట్టి సబ్బుతో రుద్దింది. కాటుక అంత తేలిగ్గా పోతుందా? మొహమంతా పులుముకుని మసిబొగ్గయింది. "అమన్ మొహం పాడైపోయింది!" అని సిద్రా లబోదిబోమంది.

"అత్తమ్మా," అంది నసీమా.

ఆ గొంతుకి జమాల్ బీ చెయ్యి ఆగింది.

"వాడి కళ్ళెలా ఉన్నాయి?"

పంపు కారుతూనే ఉంది. హుమాయూన్ దాన్ని కట్టేశాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకే తల్లీ. నువ్వు మర్చిపోవాలనే కదా చూపించలేదు."

"మర్చిపోడానికి నాకేం మిగిల్చారత్తమ్మా?"

జమాల్ బీ తడిబొమ్మని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడింది.

"మూసుకునే ఉన్నాయే. రెప్పల వెంట్రుకలు పొడుగు, నీవే. ముక్కు హుమాయూన్‌ది. ఎడమ చెవి కొంచెం మడత పడి ఉంటే, స్నానం చేయించేటప్పుడు నేనే సవరించా. తలనిండా జుట్టు. నల్లగా, ఇంతింత." ఆవిడ వేళ్ళు గాల్లో కొలత చూపించాయి. "నేను తప్పు చేశానే. పెద్దదాన్ని, నాకే అంతా తెలుసనుకున్నా."

"నల్లదారం తే," అంది కోడలితో. "సూదిలో ఎక్కించు. పైవాడు అడిగితే నేను చెప్పుకుంటాలే."

అత్తగారికి చూపు ఆననప్పటి నుంచీ సూదిలో దారం ఎక్కించేది నసీమానే. కళ్ళు మూసుకునైనా ఎక్కించగలదు. ఆ రోజు మాత్రం దారం ఎంతకీ దూరదే! కొస తడిచేసింది, మెలిపెట్టింది, వెలుగుకి పట్టింది. సూది బెజ్జమే కనపడటం లేదు. ఎందుకు కనపడటం లేదో ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు. అప్పుడు గోడకి చేరగిలబడి గొంతెత్తి ఏడ్చింది. గోడవతల శౌరమ్మ చేస్తున్న పని ఆపి, "అమ్మయ్య, ఏడ్చిందిరా దేవుడా," అని తనూ కళ్ళొత్తుకుంది.

దారం చివరికి సిద్రా ఎక్కించింది. మరక పూర్తిగా వదలని ఆ మొహం మీద జమాల్ బీ రెండు వంపుగీతలు కుట్టింది, కిందికి వాలిన రెప్పలు. నసీమా పక్కన కూర్చుని "ఇంకొంచెం పొడుగా?" అని అడుగుతూ ఉంది. "ఆఁ, ఇంకొంచెం" అంటూ ఆవిడ కుడుతూ పోయింది.

తర్వాతి ఆదివారం హుమాయూన్ స్కూటర్ తీసి ఎప్పట్లాగే "ఎక్కడికెళ్దాం?" అన్నాడు. ఎప్పుడూ బదులు చెప్పని మనిషి చెప్పింది.

"వాడి దగ్గరికి."

"ఆడవాళ్ళు లోపలికి రాకూడదు కదా నసీమా," అన్నాడు మెల్లిగా.

"గోడ బయటే ఉంటానండీ. ఎక్కడో చూపిస్తే చాలు."

ఖబరస్తాన్ గోడ నడుమెత్తే ఉంటుంది. హుమాయూన్ అవతల వేపచెట్టు మొదట్లో జానెడు మట్టిదిబ్బని వేలితో చూపించాడు. బొమ్మ ఆ రోజు సిద్రా చంకలో లేదు, నసీమా భుజం మీద ఉంది.

"ఇక్కడేముందమ్మీ చూడ్డానికి?" అంది సిద్రా.

"అమన్," అంది నసీమా. ఎండ మండిపోతోంది. బొమ్మ తల మీదికి కొంగు లాగి కప్పింది.