గురవమ్మ గొంతు

ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో తోటివాళ్లతో ఎలా మెలగాలో నేర్పడం వనజాక్షి వృత్తి. ఆమె మైకు పట్టిందంటే ఎంత కోపిష్టి ఆఫీసరైనా మెత్తబడాల్సిందే. అల్లూరు దగ్గర రొయ్యల కంపెనీ వాళ్లు ఆమెను పిలిచింది మాత్రం ఒక్క మనిషి కోసం.

"గురవమ్మని, రొయ్యలు ఒలిచే ఆడోళ్లకి లీడరు మేడమ్. నోరు తెరిస్తే అరుపే," అన్నాడు మేనేజరు నరేంద్రబాబు. "మొన్న కొత్తమ్మాయి అనూష ఏడ్చుకుంటా వచ్చింది. మీరు మారిస్తే సరే. లేకుంటే లీడరు పని ఇంకొకరికి ఇచ్చేస్తా."

ఆ సంగతి షెడ్డంతా పాకిపోయింది. అందరూ క్యాంటీన్‌లో చేరారు. గురవమ్మ మాత్రం తలకున్న టోపీ కూడా తీయకుండా చివరి బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది.

"అనూషా, ఇట్రామ్మా," అంది వనజాక్షి. "ఆరోజు అక్క ఏమనిందో ఆ మాటలే చెప్పు. మెల్లగా."

అనూషది దొరవారిసత్రం పక్క, వరి పండించుకునే ఇల్లు. ఆ ఇంట్లో గొంతు లేచిందంటే గొడవ జరుగుతున్నట్టే. చున్నీ కొస మెలిపెడుతూ లేచింది.

"'ఏమ్మే, మొకం అట్టా పీక్కపోయుండాది, తిన్నావా లేదా?' అనింది."

"నువ్వేమన్నావు?"

"లేదన్నా. 'కడుపు మాడ్చుకోని ఐసునీళ్లలో చేతులు పెడతావా? నీకేమన్నా పిచ్చా? నా క్యారేజీలో చేపల పులుసుండాది, పొయ్యి తిను' అనింది."

"తిన్నావా?"

"తిన్నా."

"ఎట్టుండింది?"

"బో బాగుండింది మేడమ్."

క్యాంటీన్ ఘొల్లుమంది. చెప్పిన మాటలు తన చెవికే కొత్తగా తగిలి అనూష కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

గురవమ్మ లేచింది. "మరి ఏడిస్తివెందుకే?" కిటికీ రెక్కలు అదిరాయి.

"నువ్వు అరిచినావు గదక్కా!"

"నేనెప్పుడు అరిచినానే!"

ఆమె నిజంగానే తెల్లబోయింది. వనజాక్షికి కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. నెల్లూరు హాస్టల్లో తను పలకరిస్తే చాలు, 'ఎందుకు కొట్లాడతావు?' అనేవాళ్లు. అప్పుడు అణుచుకున్న గొంతు మళ్లీ పైకి రానేలేదు. ఆమె మైకు బల్ల మీద పెట్టేసింది.

"నరేంద్రబాబు గారూ! వినపడతా ఉండానా?"

మేనేజరు చేతిలో టీ ఒలికింది.

"తిట్టలేదు సార్," అంది వనజాక్షి అదే గొంతుతో. "నేనూ అక్క మాదిరే సముద్రం ఒడ్డున, వాకాడు పక్క పుట్టినా. అలల మోతలో మేం ప్రేమగా పిలిచినా ఇట్టాగే ఉంటాది!"

ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వనజాక్షి అంతటితో వదల్లేదు. "గురవమ్మక్కా, ఈ పిల్లకి అలవాటు లేదు. దగ్గరికి పొయ్యి చెప్పు. అనూషా, నువ్వు ముందు మాట విను, ఆనక గొంతు చూడు. ఏదీ, ఇప్పుడు చెయ్యండి."

గురవమ్మ పిల్లిలా నడిచొచ్చి, అనూష చెవి దగ్గర వంగి, గాలంత మెల్లగా అడిగింది: "తిన్నావామ్మా?"

అనూష అదిరిపడింది. "ఏమైందక్కా? ఒంట్లో బాగలేదా? వద్దక్కా, భయమేస్తా ఉండాది. మామూలుగానే అరిచి చెప్పు!"

నరేంద్రబాబు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "లీడరు గురవమ్మే. ఇంక ఎవురూ ఎత్తొద్దు ఆ మాట."

"మేడమ్!" గురవమ్మ కేక కాంపౌండు గోడ దాటింది. "క్యారేజీ తెచ్చినా, తిని పోవాల!"

"మాటలు కాదక్కా, ముందు పులుసు పెట్టు!" వనజాక్షి కూడా గోడ దాటేలాగే బదులిచ్చింది.