డిస్కులకు పెట్టిన బొట్లు

పైడిరాజు బావ సబ్‌స్టేషన్ యార్డులో కంకర మీద పీట వేసుకుని, ఒళ్ళో స్టీలు గిన్నె పెట్టుకుని, ఎదురుగా బారులు తీరిన ట్రాన్స్‌ఫార్మర్లకు బొట్లు పెడుతున్నాడు, పీట మీంచి లేవకుండానే అంత ఎత్తున్న వాటి నుదుటికి ఆయన చెయ్యి అందుతోంది, అందులో వింతేమీ ఉన్నట్టు తవిటినాయుడికి తోచడం లేదు. బావ పోయి ఏడాది దాటిందన్న సంగతి కూడా అతనికి గుర్తుంది. గుర్తుండి కూడా, బిల్లు కట్టడానికి కరెంటాఫీసుకు వచ్చినవాడిలా గేటు దగ్గర నిలబడి, పిలిస్తే వెళ్దామని చూస్తున్నాడు.

"గేటుకాడ నిలబడిపోయేవేటి? చెప్పులు విప్పి రా," అంటాడు బావ, వెనక్కి తిరగకుండానే.

"కంకర గుచ్చుకుంటాది బావా."

"దసరా పూట చెప్పులేటి? గుచ్చుకోనీ."

తవిటినాయుడు చెప్పులు విప్పుతాడు, కంకర గుచ్చుకోదు, వంగి చూస్తే అది కంకర కాదు, విజయనగరంలో అక్క వాళ్ళింటి హాల్లో పరిచిన చాప, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా కుదించుకుపోయి అరచేతిలో పట్టే నాలుగు కంప్యూటరు డిస్కులై ఆ చాప మీద పడి ఉన్నాయి, వాటి హోరు మాత్రం యార్డులో ఉన్నంత ఉంది. ఆ డిస్కుల సంగతి చెప్పడానికే తను ఇంత దూరం వచ్చినట్టు అతనికి అప్పుడు తడుతుంది.

బావ రిటైరయ్యాక ముచ్చటపడి ఇంట్లో పెట్టుకున్న సర్వరులోవి ఆ డిస్కులు, సర్వరంటే అన్నీ దాచిపెట్టే కంప్యూటరు పెట్టె, చంద్రావతక్క పాటలన్నీ అందులోనే ఉన్నాయి. అక్క నలుగురి ముందు నోరు విప్పి పాడిన మనిషి కాదు, వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం పాడుకునేది, బావ పసుపు డబ్బా వెనక చిన్న రికార్డరు దాచి ఏళ్ళ తరబడి ఆ పాటల్ని పట్టాడు. తరవాత అక్క గొంతుకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు మాట గాలిలా వస్తుంది, పాట అసలే రాదు. సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని ఆ పెట్టె ముందు కూర్చుని తన పాట ఒకటి తనే వింటుంది, అంతకు మించి ఆమె ఎవర్నీ ఏదీ అడగదు. పెట్టె పాతబడిపోయి రొద పెడుతోందని, లోపలి సరంజామా మార్చి డిస్కుల్ని కొత్త పెట్టెలో బిగిస్తానని పనిగట్టుకుని వచ్చినవాడు తమ్ముడు తవిటినాయుడు. వద్దన్నవాళ్ళు లేరు, కావాలన్నవాళ్ళూ లేరు.

"బావా, నేనొక పని చేసేను."

"చేసీసేవా, చేస్తావా?"

"చేసీసేను. డిస్కుల్ని కలిపి నడిపే కొత్త కార్డు పెట్టేను. అది వీటిని చూసి, ఇవెవరో నాకు తెల్దంటోంది."

"దానికేటి తెలుస్తాది మరి? కొత్తకోడలు కదా. ఇంట్లో ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఎవరో ఒకళ్ళు చూపించాల," అంటూ బావ జరిగి చోటిస్తాడు, చోటిచ్చింది చాప మీద కాదు, పలాస వెళ్ళే పాసింజరు బండిలో కిటికీ పక్క సీటు మీద, డిస్కులు నాలుగూ ఇద్దరి మధ్యా అరటిపళ్ళ పొట్లంలా ఉన్నాయి, బయట చీపురుపల్లి స్టేషను వస్తోంది, పోతోంది, మళ్ళీ చీపురుపల్లే వస్తోంది.

నల్లకోటు టీసీ వచ్చి వాళ్ళ ముందు వంగి మర్యాదగా అడుగుతాడు. "కొత్తగా మొదలుపెట్టమంటారా? డిస్కుల మీద ఉన్నదంతా పోతుంది."

పొద్దుట్నించీ కంప్యూటరు తెర మీద అదే ప్రశ్న చూసి చూసి ఉన్నాడు కాబట్టి తవిటినాయుడికి అతను కొత్తవాడిలా అనిపించడు, పాపం ఇన్నిసార్లు అడుగుతున్నాడు, ఔనంటే పోయేదేముంది అని మొహమాటం కూడా కలుగుతుంది.

"తల ఊపకు," అంటాడు బావ. టీసీ నొచ్చుకోకుండా పక్క పెట్టెలోకి వెళ్ళిపోతాడు.

ఏ పాటా ఏ ఒక్క డిస్కులోనూ పూర్తిగా ఉండదు, ముక్కలై నాలుగింటిలోనూ పరుచుకుని ఉంటుంది, ఏది ముందో ఏది తరవాతో వరస చెబితే కార్డు దేన్నీ చెరపకుండా వాటిని కలుపుతుంది, తప్పు వరస చెప్పి సరిచేయబోతే అసలుకే మోసం వస్తుంది. మరో కాపీ ఎక్కడా లేదు. ఇదంతా తవిటినాయుడికి తెలుసు, తెలియనిది వరస ఒక్కటే.

"ఏది ముందు బావా?"

"గుర్తు పెట్టేను కదా."

"ఎక్కడ?"

"నుదుటి మీద. మనిషిక్కానీ మిషనుక్కానీ గుర్తు ఇంకెక్కడ పెడతారు? మొదటిదానికి ఒక బొట్టు, రెండోదానికి రెండు, అలాగ."

పాత పెట్టెలోంచి తీసినప్పుడు ఒక్కో డిస్కు మీదా పసుపు పెట్టి దాని మీద కుంకుమ అద్దిన బొట్లు ఎండిపోయి ఉన్నాయి, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ, సబ్‌స్టేషన్లో ఏటా ఆయుధపూజ చేసిన చెయ్యి ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా అని నవ్వుకుని, ఆ పొడి రాలి కొత్త పెట్టెలో పడుతుందని తడిగుడ్డ పెట్టి తుడిచేశాడు. అంత శుభ్రంగా అతను తన ఇంట్లో ఏ పనీ చేసి ఎరగడు.

"తుడిచీసేను బావా."

బావ కోప్పడితే బాగుండుననిపిస్తుంది. ఆయన కిటికీలోంచి చీపురుపల్లి చూస్తున్నాడు.

"ఆ బొట్లే వరసని నాకొక మాట చెప్పొచ్చు కదా?"

"చెప్దామనే అనుకున్నాను. నువ్వొచ్చినప్పుడల్లా కంప్యూటర్ల గురించి నాకే చెప్పీవోడివి. నా వంతు రాలేదు."

తవిటినాయుడు బావ తెల్లచొక్కా జేబు మీద ఉన్న పసుపు కుంకుమల మరక చూసి, చొక్కా ఇటివ్వమని విప్పించి, బోగీ చివర కుళాయి కింద ఉతకడం మొదలుపెడతాడు, కుళాయి అక్క వాళ్ళ పెరట్లోదైపోతుంది, ఎరుపంతా నీళ్ళలో కలిసి తూములోకి పోతుంది, దాని కింద పసుపు మాత్రం ఎంత రుద్దినా అలాగే ఉంది. బావ పెరటి గట్టు మీద బనీనుతో కూర్చుని చూస్తున్నాడు.

"ఉండనీరా. కుంకుమ పోద్ది గానీ పసుపెక్కడికి పోద్ది?" అని, "అది సరే, ఆ పాట ఏమైందో నీకేటైనా తెలుసా?" అంటాడు.

"ఏ పాట?"

"పాలు పొంగిన పాట."

ఆ రికార్డింగు తవిటినాయుడు కూడా విన్నాడు. అక్క హాయిగా పాడుతూ పాడుతూ, చివరి చరణం ఎత్తుకోబోతూ, 'అయ్యో, పాలు' అని ఆపేస్తుంది, గిన్నె చప్పుడు, అక్కడితో సరి.

"నేను పక్కగదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నాను. ఇప్పుడెత్తుకుంటాది, ఇప్పుడెత్తుకుంటాది అని చాలాసేపు చూసేను."

"అడగొచ్చు కదా బావా."

"అడిగితే వింటన్నానని తెలిసిపోద్ది. తెలిస్తే మీ అక్క ఇంక నోరు విప్పుతాదా? ఇన్నేళ్ళూ దానికి తెలీకుండానే పట్టేను," అంటాడు, ఉద్యోగంలో ఏ లైను వేసినందుకూ పడనంత గర్వంగా.

బండి మళ్ళీ కదులుతోంది, పెరటి గట్టు సీటవుతుంది, ఎదురు సీట్లో అక్క కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది, పెదాలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు, పక్క పెట్టెలోంచి టీసీ తిరిగి వస్తున్నాడు. తవిటినాయుడికి భయం వేస్తుంది, చిన్నప్పుడు తప్పిపోయినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. అక్కకు మిగిలినవి ఆ పాటలే, వాటిని కూడా తన చేత్తో తుడిచిపెట్టానని ఎలా చెప్పాలో తెలియదు.

"బావా, అక్కకి నువ్వే చెప్పు."

"పోయినోణ్ణి, నేనెలా చెప్తాన్రా?" అని బావ తడిచొక్కా భుజాన వేసుకుని లేస్తాడు. "ఏదో మాడుతోంది, చూసుకో," అంటూ చీపురుపల్లిలో దిగిపోతాడు.

మాడు వాసన నిజంగానే వస్తోంది. తవిటినాయుడు కళ్ళు తెరిచేసరికి హాల్లో చాప మీద ఉన్నాడు, మధ్యాహ్నం భోంచేసి, విప్పిన పెట్టె పక్కనే నడుం వాల్చాడు, అలాగే నిద్ర పట్టేసింది. తెర మీద ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. వంటింట్లోంచి గొంతు లేని గాలిలా ఒక మాట వినిపించింది.

"అయ్యో, పాలు."

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా డిస్కుల మీద పడుతోంది. అతను ఒకదాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు. రేకు మీద ఏమీ లేదు, దాని మీద అంటించిన తెల్ల కాగితం లేబులు మీద మాత్రం లేతపసుపు మరకలున్నాయి, గుండ్రంగా, వేలిముద్రంత. మూడు. గబగబా మిగతావి కూడా ఎండకు పెట్టి చూశాడు. ఒకటి నుంచి నాలుగు దాకా మరకల లెక్కన నాలుగింటినీ చాప మీద వరసగా పేర్చి, అక్కా అని కేకేశాడు.

చంద్రావతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"మీ బావ పెట్టిన బొట్లు," అంది. "దసరాకి నా డబ్బాలోంచే పసుపు తీసీవోరు."

"అక్కా, ఆ డబ్బా వెనక రికార్డరు పెట్టీవోడని నీకప్పుడు తెలుసా?"

"డబ్బా తీసినప్పుడల్లా ఎదరే ఉండీది కదా. ఒరిగిపోతే నేనే నిలబెట్టీదాన్ని."

"బావకి చెప్పలేదా?"

"చెప్తే మానీసీవోరు."

"మరి పాలు పొంగిన రోజు ఆ చివరి చరణం ఎందుకు ఎత్తుకోలేదు?"

అక్క వంటింటి వైపు చూసింది.

"పొయ్యి తుడిచి ఎత్తుకుందామనే చూసేను. డబ్బా వెనక రికార్డరు ఎర్రలైటు ఆరిపోయింది. ఇంకెవరికని పాడను?"

ఆమె చాప మీద కూర్చుని, ఒక్క మరక ఉన్న డిస్కు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.