దూరానికి కుట్టిన చెప్పులు

తెల్లారగట్ల పాల క్యాన్ల బండి వెళ్ళిందంటే, దాని వెనకాలే శ్రీరాములు చెప్పులు వెళ్ళాలి. డెల్టా నించి రాయచూరు పక్కకి వలసొచ్చిన మా క్యాంపులో అందరికీ అదే గడియారం. బుల్లెమ్మ వాకిట్లో కళ్ళాపి జల్లి, అరుగు మీద చెప్పుల్ని తడిగుడ్డతో తుడిచి కింద పెట్టి, "ఇహ వెళ్ళండి, ఎండెక్కుద్ది" అనేది. ముందు ఎడమది, వెనక కుడిది, టప్పు టప్పుమంటా వీధెంట పోయేయి. బడి ఆటో కోసం నిలబడ్డ పిల్లలు కాస్త పక్కకి జరిగేవాళ్ళు. ట్రాక్టరు ఎదురైతే అదే ఆగి దారిచ్చేది. అంతే, ఇంకో మాట లేదు.

శ్రీరాములు నాకు తమ్ముడు. పోయి రెండేళ్ళయింది. పెద్దకర్మ అయిన మర్నాడు మొదలైంది ఇది. మా ఇంటి ముందు నించే పోయేయి గదా, నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. చూసేదాన్ని కాదు. చప్పుడు వింటే చాలు నాకు.

అట్టా మైనరు కాలవ, అదే మా చేలకి నీళ్ళిచ్చే పిల్లకాలవ గట్టెంట పోయి, తూము కాడ రాయి మీద నిలబడేయి. మాది కాలవ చివర. చివరోళ్ళకి నీళ్ళు రావాలంటే ఎవరో ఒకరు కాపలా ఉండి తీరాలి, లేకపోతే పైనోళ్ళు మడవ తమ చేలకి తిప్పేసుకుంటారు. వారానికోసారి వంతు. వంతు లేని రోజు గట్లెంట ఓ తిరుగు తిరిగి వచ్చేసేయి. వంతు రోజు మాత్రం ఆఖరి మడి తడిసిందాకా ఆ రాయి దిగేయి కాదు. బతికున్న మనిషితో అయితే పోట్లాడొచ్చు. చచ్చిపోయినాయన చెప్పులు చూస్తా ఉంటే పార ఎత్తటానికి ఎవడికి చేతులొస్తయ్యి? అట్టా నాలుగు పంటలు, ఆ మూడెకరాలూ బుల్లెమ్మ ఎవరికీ కౌలుకివ్వకండా పండించుకుంది.

అయితే రోజూ నడిస్తే తోలు ఎన్నాళ్ళుంటది? ఈ ఏడు నాట్లు అయ్యేప్పటికి అడుగు అరిగి కాగితంలాగయింది. కుడిదానికి మడమ కాడ చిల్లు. బుల్లెమ్మ కొత్త జత కొని పక్కన పెట్టి చూసింది, అయ్యి కదల్లేదు. ఆయన కాలు తెలిసినయ్యి పాతయ్యేగా మరి. సిరవారలో చెప్పులు కుట్టేవాడి చేత టైరు ముక్క వేయించింది, ఎనిమిది రోజులకి ఊడి పొలం బోదె కాలవలో తేలింది.

మా పెద్ద తమ్ముడి కొడుకు చంద్రమోహన్‌ది పై చేను. వాడు అరుగు మీద కూర్చుని కాఫీ తాగతా, "ఎందుకు పిన్నీ నీకు ఈ తిప్పలు? కౌలుకిచ్చెయ్, నేను చూసుకుంటా" అనేవాడు.

"మీ బాబాయి తూము కాడే ఉన్నాడుగా."

"ఎన్నాళ్ళుంటాడు? సరేలే, ఆ చెప్పులు అరిగిపోయాకే మాట్లాడుకుందాం."

నవ్వుతానే అన్నాడు గానీ, ఆ రోజు నించి బుల్లెమ్మకి తిన్నది ఒంటబట్టలేదు. కూర్చుంటే లేచేది, లేస్తే మళ్ళా కూర్చునేది. చెప్పులు ఇంటికొచ్చిన ప్రతిసారీ తిరగేసి, చిల్లులో వేలు పెట్టి చూసుకునేది. "ఇయ్యాల ఇంకాస్త పెరిగింది వదినా" అనేది.

అప్పుడు చంద్రమోహన్ పెళ్ళాం చిట్టి ఫోనులో చూసింది. రాయచూరులో కల్యాణమంటపంలో నాలుగు రోజులు ఇటలీ చేతివస్తువుల సంతంట. గాజు సామాను, పింగాణీ, లేసు, ఇంకా తోలు పని చేసేవాళ్ళు. చేత్తో చెప్పులు కుట్టే ముసలాయన ఆ దేశం నించే వచ్చి కూర్చున్నాడని బొమ్మ కూడా ఉంది. పొదుపు సంఘంలో ఆడోళ్ళందరం బయల్దేరాం, పదకొండు మందిమి. చంద్రమోహన్‌దే క్రూజరు, వాడే తోలాడు. మర్నాడే బుల్లెమ్మకి నీళ్ళ వంతు. అందుకని ఆమెకి మరీ ఆత్రం. బండి ఇంకా కదలకముందే చెప్పులు ఎక్కి తలుపు కాడ నిలబడ్డయ్యి.

"బాబాయికి కిటికీ పక్కన సీటు కావాలేమో అడుగు పిన్నీ" అన్నాడు చంద్రమోహన్.

"నువ్వు రోడ్డు చూసి తోలు" అంది బుల్లెమ్మ.

దారి పొడుగునా ఆ చెప్పులు ఓ చోట ఉంటే ఒట్టు. ఈ సీటు కింద నించి ఆ సీటు కిందకి, మళ్ళా ఇటు. చిట్టి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. "మావయ్యా, కాస్త కుదురుగా ఉండవయ్యా, నాకు కళ్ళు తిరగతన్నయ్యి" అంటే అందరూ నవ్వారు. బుల్లెమ్మ నవ్వలా.

మంటపం గుమ్మంలో కాపలా యంకప్పని ఉన్నాడు, రాయచూరు పాత మనిషి. లోపల తివాచీ పరిచారు, చెప్పులు బయట వదలాలన్నాడు. అందరం వదిలాం. బుల్లెమ్మ మాత్రం ఆ జతని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుంది.

"ఏందమ్మా అది? నడిచేటివైనా సరే, మోసేటివైనా సరే, చెప్పులు బయటనే ఇడవాలె" అన్నాడు యంకప్ప.

లోపల్నించి ఓ పిల్ల వచ్చింది, స్ఫూర్తి అని. రాయచూరు పిల్లే. ఆ దేశం వాళ్ళ మాటలు మనకి, మన మాటలు వాళ్ళకి చెప్పటానికి పెట్టుకున్నారు. చెప్పులు బుల్లెమ్మ చేతుల్లో గింజుకోవటం చూసి, "యంకప్పా, గివి చూడనీకి రాలే. కుట్టిచ్చుకోనీకి వచ్చినయ్" అంది.

యంకప్ప గుమ్మానికి అడ్డం తప్పుకున్నాడు. "గట్లైతే తీస్కపో. కింద అడుగు పెట్టొద్దని చెప్పు వాటికి."

మావాళ్ళు లోపలికి పోయి తలా ఓ దిక్కుకి చెదిరిపోయారు. ఒకామె నీలం పూల పింగాణీ పళ్ళెం పట్టుకుని, "పప్పూ అన్నం పెడితే ఈ పూలు ఎవడికి కనపడతయ్యి?" అని పెట్టేసింది. పొడుగు ముక్కు పెట్టుడు మొహాలు వేలాడదీసి ఉంటే, చిట్టి ఒకటి పెట్టుకుని మొగుడి ముందుకెళ్ళింది. "ఇంట్లో ఉన్నది చాల్లే" అన్నాడు వాడు. లేసు కాడ నేను ఆగిపోయాను. మా చిన్నప్పుడు డెల్టాలో మా పక్కింటామె ఇట్టాంటిదే అల్లుతుండేది. ఇదీ బాగానే ఉంది, అది ఇంకా బాగుండేది.

బుల్లెమ్మ ఏదీ చూడలా. తిన్నగా ఆ ముసలాయన ముందుకెళ్ళి నిలబడింది.

ఆయన చుట్టూ కొయ్య పాదాలు. ఎవరికి చెప్పులు కావాలంటే వాళ్ళ పాదం కొలత తీసుకుని ముందు కొయ్యతో చెక్కుతాడంట. బుల్లెమ్మ ఇచ్చిన చెప్పులు తీసుకుని తిరగేశాడు. అయ్యి తన్నుకుంటా ఉంటే బెదిరిన దూడని నిమిరినట్టు బొటనవేలితో నిమిరాడు. అంతే, ఊరుకున్నయ్యి. రెండేళ్ళలో ఇంటి బయట అయ్యి ఒకరి చేతికి లొంగటం అప్పుడే చూశాం. వాటి లోపల పడ్డ కాలి గుంటలు తడిమి ఏదో అన్నాడు.

"ఈ మనిషి ఎడమకాలు మీద బరువేసి నిలబడుతుండెనంట. కుడి భుజం మీద ఏమన్న మోస్తుండెనా అంటుండు" అంది స్ఫూర్తి.

"పార" అంది బుల్లెమ్మ. "పార మోసేవాడు."

ఆయన తలాడించి ఇంకో మాట అడిగాడు. స్ఫూర్తి మళ్ళా మాకు చెప్పింది. "దగ్గరి నడకకా, దూరం నడకకా అని అడుగుతుండు. దగ్గరికైతే పల్చగ, మెత్తగ కుడతడంట. దూరానికైతే రెండు పొరల తోలు, రెండు వరసల కుట్టు. ఆలోచన చేసి చెప్పుమంటుండు."

ఇందులో ఆలోచించేదేముంది మనకి? గిన్నె కొన్నా, గొడుగు కొన్నా, గట్టిదే అడుగుతాం గదా. బుల్లెమ్మ వెంటనే అంది, "దూరానికే కుట్టమను. గట్టిగా ఉండాలి. నేను బతికున్నన్నాళ్ళూ రావాలి."

ముసలాయన ఆమె మొహంలోకి చూసి అదే మాట మళ్ళా అడిగాడు. "దూరానికేనమ్మా?" అంది స్ఫూర్తి.

"దూరానికే."

పాతవాటికే కొత్త అడుగు వేసి, మధ్యాన్నం మూడింటి దాకా కుట్టాడు. డబ్బు తీసుకోలా. మేం విప్పిన పులిహోర గిన్నె వైపు వేలు చూపించాడు. పెడితే గోంగూర కూడా వేసుకుని, కళ్ళెంట నీళ్ళు కారతా ఉన్నా గిన్నె మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దున చప్పుడు మారిపోయింది. టక్కు, టక్కు. బరువుగా, తీరుగా పడతంది అడుగు. ఆ చప్పుడు నా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. ఎప్పుడూ ఆగింది లేదు. తలుపు తీసి బయటికొచ్చాను. ఎదురుగా నిలబడి ఉన్నయ్యి, కొత్త తోలు మెరస్తా.

"ఏందిరా?" అన్నాను.

కాసేపు అట్టానే ఉండి, మళ్ళా కదిలినయ్యి. వెనకాల బుల్లెమ్మ వస్తంది. "ఎట్టా నడస్తయ్యో చూద్దామని వదినా" అంది. మొహం వెలిగిపోతంది. నేనూ వెంట నడిచాను.

తూము కాడికొచ్చినయ్యి. నీళ్ళు వదిలే వేళయింది. రాయి ముందు ఆగినయ్యి. ఎక్కుతయ్యిలే అనుకున్నాం. రాయి చుట్టూ ఓసారి తిరిగి, గట్టెక్కి, పెద్ద రోడ్డు దిక్కుకి నడక మొదలుపెట్టినయ్యి.

"ఏవండీ!" అంది బుల్లెమ్మ. ఆగలా. పరిగెత్తింది. నేను ఆ వయసులో ఎంత పరిగెత్తగలను, ఆయాసపడతా వెనకపడ్డాను. రోడ్డు ఇంకో ఇరవై అడుగులుందనంగా వాటి ముందుకెళ్ళి కూలబడి, రెంటినీ రెండు చేతుల్తో పట్టుకుంది. ఆమె చేతుల్లో అయ్యి గింజుకుంటన్నయ్యి.

"దూరానికి కుట్టమన్నాను గదా వదినా" అంది నన్ను చూసి. "ఈయనకి పోవాలనే ఉందేమో ఇన్నాళ్ళూ. అడుగు పలచనై పోలేక ఇక్కడిక్కడే తిరిగాడేమో. నేను అది నాకోసం ఉండటమనుకున్నా."

పట్టుకుంటే ఆగుతయ్యి. తాడేసి అరుగు స్తంభానికి కడితే ఉంటయ్యి. కట్టమని నా నోటి దాకా వచ్చింది. చంకనేసుకుని పెంచిన తమ్ముడు వాడు, నాకు మాత్రం ఎవరున్నారు? ఆ మాట మింగాను.

బుల్లెమ్మ చేతులు తీసింది. పమిట చెంగుతో ఒకదాని మీద దుమ్ము తుడిచింది. "లారీలు తిరిగే రోడ్డు. పక్కగా నడవండి" అంది.

అయ్యి రోడ్డెక్కినయ్యి. పక్కనే నడిచినయ్యి. ఎటు పోతన్నయ్యో చూద్దామని నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను గానీ, అప్పుడే వెనక కాలవలో నీళ్ళ చప్పుడు వినపడింది. బుల్లెమ్మ అటు ఓసారి, ఇటు ఓసారి చూసి, గిరుక్కున తిరిగి తూము కాడికి పరిగెత్తింది.

అప్పటికే చంద్రమోహన్ బోదెకి అడ్డంగా మట్టి కట్టేశాడు. నీళ్ళు వాడి చేలోకి తిరిగినయ్యి.

"చెప్పులు లేవుగా పిన్నీ" అన్నాడు. "వంతు వదులుకున్నావేమో అనుకున్నా."

బుల్లెమ్మ చీర ఎగ్గట్టి బోదెలోకి దిగింది. పెళ్ళయి వచ్చింది మొదలు ఆమె కలుపుకీ నాటుకీ దిగటమే గానీ మడవ కాడికి దిగింది లేదు. అది మగాళ్ళ జాగా.

"అరిగిపోయాక మాట్లాడుకుందాం అన్నాంగా" అన్నాడు వాడు, ఈసారి కాస్త నెమ్మదిగా.

"అరగలేదురా చంద్రమోహనూ. వెళ్ళినయ్యి. పార ఇటివ్వు."

వాడు ఇచ్చేవాడు కాదు. కానీ ఆమె చెయ్యి చాపి పిడి పట్టుకుని, వాడి కళ్ళలోకి చూస్తా అట్టానే ఉంది. వదిలేశాడు. ఆమె మట్టిగడ్డ మీద నాలుగు వేట్లు వేసింది. చేతకాని వేట్లు, బురద మొహాన చిందింది. అయినా మడవ తెగింది. నీళ్ళు ఓ క్షణం ఎటు పోవాలో తెలియనట్టు సుడి తిరిగి, బుల్లెమ్మ చేలోకి మళ్ళినయ్యి.

"ఎంతసేపుంటావు? మధ్యాన్నం దాటుద్ది" అన్నాడు.

"దాటనీ."

వాడు వెళ్ళిపోయాడు. దూరాన పై చేల గట్ల మీద ఇంకో ఇద్దరు, ముగ్గురు పారలు పట్టుకుని ఇటే చూస్తన్నారు. బుల్లెమ్మ రాయెక్కి నిలబడింది, ఉత్త కాళ్ళతో. ఎండెక్కింది, రాయి కాలతంది. ఒక కాలు మీద నించి ఇంకో కాలు మీదకి మారతానే ఉంది. నేను అన్నం మూట తెచ్చాను.

"కాసేపు కూర్చోవే బుల్లెమ్మా, కాళ్ళు బొబ్బలెక్కుతయ్యి" అన్నాను.

"కూర్చుంటే వాళ్ళకి కనపడను వదినా" అంది.