హెల్డ్ మరిచిపోయిన చిన్నది

ఇవాళ ఆశీర్వాదం మాస్టారి ట్యూషనుకు పిల్లలకు బదులు ఇంగ్లీషు క్రియలు వస్తాయి. అన్నీ అయిపోయిన పనులను చెప్పేవే. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చాప మీద సర్దుకుని కూర్చుంటాయి. అన్నిటిలోకీ ‘వెంట్’ చెప్పులు బాగా అరిగిపోయి ఉన్నాయి. మాస్టారు మంచినీళ్ళ బిందె వాటి దగ్గరకు జరుపుతారు.

రేపల్లెలో ఆయన ఇల్లు రైలుపెట్టె బాపతు, మూడు గదులూ ఒకదాని వెనక ఒకటి. మాస్టారు ముందు గదిలో నిలబడి ‘గో’ అనేవారు, మధ్య గదిలోకి వచ్చి ‘వెంట్’ అనేవారు. మూడోది, ‘గాన్’, పిల్లల వంతు. చాప మీద కూర్చుని గొంతు చించుకుని అందుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళంతా బస్టాండు పక్కన ఏసీ పెట్టిన కోచింగుకు పోతున్నారు. భార్య సువార్తమ్మ పోయిన రోజున మూడో గదికి గడియ పడింది. మొండి గడియ, రెండు చేతులూ వేసి లాగితే గాని రాదు. మాస్టారు ఒక్కసారీ లాగలేదు.

క్రియలు తమ అర్థాలను వెంటబెట్టుకుని వచ్చాయి. టుక్‌ది గంపెడు సంసారం. మందు వేసుకునేది, ఫొటో తీసేది, బస్సెక్కేది, ఊరికే మనసు కష్టపెట్టుకుని మూతి ముడుచుకునేది, అన్నీ దాని కొంగు పట్టుకునే ఉన్నాయి.

“పొద్దుగూకులూ వీటిని చంకనేసుకుని తిరగలేక చస్తన్నాం మాస్టారూ. సాయంత్రాలు కాసేపు మీ కాడ వదిలిపెడతాం,” అంటుంది టుక్.

“దానికేముందమ్మా, వదిలిపెట్టండి,” అంటారు మాస్టారు.

ఇల్లు కిష్కింధ అయిపోతుంది. ఫెల్ పిల్లల్లో ఒకటి పెరట్లో వానై కురుస్తుంది, ఒకటి జ్వరమొచ్చి మంచమెక్కుతుంది, ఒకటి కిటికీ ఊచను ప్రేమించి దాన్ని వదలనంటుంది. బ్రోక్ పిల్ల ఒకటి గాజుగ్లాసు పగలగొడుతుంది. దాని చెల్లెలు వంటింటి మూల తెల్లవారుస్తుంది. పక్కింటి కోడి అది చూసి సాయంత్రం పూట కూస్తుంది. మాస్టారు ఒకదాన్ని కసురుతారు, ఒకదానికి బెల్లం ముక్క పెడతారు. ఆయనకు సంతోషంగా ఉంది. ఇంట్లో ఇంకొకరు చేసే చప్పుడు విని చాలా కాలమైంది.

దీపాల వేళకు తల్లులు వచ్చి ఎవరి పిల్లలను వాళ్ళు తీసుకెళ్తారు. హెల్డ్ బక్కపలచని మనిషి, కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఉంటుంది. సభలు జరిపేదాన్ని, ఊపిరి బిగబట్టేదాన్ని, చాప మీద కూర్చోనని పేచీ పెట్టిన కోర్టు తీర్పుదాన్ని పోగుచేసుకుని వెళ్ళిపోతుంది. అన్నిటికంటే చిన్నది పడకకుర్చీ వెనక మిగిలిపోతుంది. మాస్టారు చూస్తూనే ఉన్నారు. కేకేస్తే హెల్డ్ వెనక్కి తిరుగుతుంది. ఆయన కేకేయరు.

ఆ చిన్నదానికి ముఖం లేదు, వెచ్చదనం ఉంది. అది వచ్చి మాస్టారి కుడిచెయ్యి పట్టుకుంటుంది. దానికి తెలిసిన పని అదొక్కటే. దాని బొటనవేలి పక్కన గరుగ్గా ఉంది, కత్తిపీట దగ్గర ఏళ్ళ తరబడి కూరలు తరిగిన గరుకు. అది ఎవరిదో మాస్టారికి తెలుసు. అన్నానికి కూడా లేవకుండా కూర్చుండిపోతారు.

మర్నాడు పొద్దున పక్కింటి బుల్లెమ్మ అరుగు మీదికి వస్తుంది. ఆమె భర్త కోటయ్యకు చూపు లేదు. రోజూ ఆయన్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, టీ కొట్టు దగ్గర కూర్చోబెడుతుంది.

“ఇయ్యాల ఆయన చెయ్యి నిలవట్లేదు మాస్టారూ. జారిపోతంది. తడి లేదు, నూనె లేదు, గాలిని పట్టుకున్నట్టుంది.”

“భుజం పట్టుకో,” అంటారు మాస్టారు.

“భుజం పట్టుకుంటే తోసినట్టుంటదంట. కదలనంటాడు.”

ఊరంతా ఇదే కథ. తల్లులు పిల్లలను కొంగుకు ముడేసుకుని బడికి తీసుకెళ్తున్నారు. కల్యాణమండపంలో పెళ్ళికొడుకు చేతిలోంచి పెళ్ళికూతురి చెయ్యి మాటిమాటికీ కిందికి పడిపోతోంది. పంతులు గారు చదివిందే మళ్ళీ చదువుతున్నారు.

మధ్యాహ్నం హెల్డ్ వస్తుంది.

“నాది ఒకటి ఇక్కడేమన్నా మిగిలిందా మాస్టారూ?”

మాస్టారు కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా ఉంటారు. “నేను చూడలేదమ్మా.”

“ఒకళ్ళ కాడే ఉంటే అది అర్థంగా మిగలదు మాస్టారూ, సామాను అయిపోద్ది. కనపడితే పంపించండి,” అని హెల్డ్ వెళ్ళిపోతుంది. ఆయన మొహం వైపు ఆమె చూడనే లేదు. చూసి ఉంటే బాగుండేదని మాస్టారికి అనిపిస్తుంది.

వీధిలో లారీ హారను మోగుతుంది. కోటయ్య ఒక్కడే బయల్దేరి రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. బుల్లెమ్మ అవతలి గట్టున ఉంది. “ఏమే, ఎక్కడున్నావ్?” అని ఆయన ఆమె లేని వైపు తిరిగి అడుగుతున్నాడు.

మాస్టారు చెప్పులు లేకుండా రోడ్డు మీదికి దిగుతారు. కోటయ్య చెయ్యి పట్టుకుంటారు. అది నిలుస్తుంది. అవతలికి నడిపించుకెళ్ళి, ఆ చేతిని బుల్లెమ్మ చేతిలో పెడతారు. ఇవ్వాలని లేదు, ఇస్తారు. చిన్నది జారి వాళ్ళిద్దరి మధ్యకు వెళ్ళిపోతుంది. కల్యాణమండపంలో బాజాలు మొదలవుతాయి.

మాస్టారి కుడిచెయ్యి కూడా దానితోనే వెళ్ళిపోయింది. మణికట్టు దగ్గర చర్మం నున్నగా ముడుచుకుని ఉంది. నొప్పి లేదు. బుల్లెమ్మ అది చూసి, “అయ్యో, మీ చెయ్యి,” అంటుంది. “సాయంత్రానికి వస్తుందిలే,” అంటారు మాస్టారు.

అలాగే వస్తుంది. దీపాల వేళ, వీధిలో అందరూ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని ఇళ్ళకు పోతున్నప్పుడు, ఆయన చెయ్యి దుమ్ము కొట్టుకుని ఒంటరిగా గుమ్మం దాటుతుంది. ఆయన వైపు రాదు. చాప పక్కనుంచి వెళ్ళి మూడో గది తలుపు కిందనుంచి లోపలికి దూరుతుంది.

ఖాళీ చాప ముందు నిలబడి మాస్టారు పాఠం మొదలుపెడతారు. “హోల్డ్,” అంటారు. “హెల్డ్,” అంటారు. మూడోది పిల్లల వంతు కాబట్టి ఆగుతారు.

“హెల్డ్,” అంటుంది మూడో గదిలోంచి ఒక్క గొంతు. వెనకే గాజులు కదులుతాయి.

లేని చేతికి, బొటనవేలి పక్క గరుకు తగులుతుంది. మాస్టారు తలుపు దగ్గరకు వెళ్ళి, ఉన్న ఒక్క చెయ్యీ గడియ మీద వేసి లాగుతారు.