మీటరు చెప్పిన అంకె

కరెంటు అమ్మే కంపెనీలు ఎన్ని ఉన్నా, అప్పు తీరేదాకా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం కుదరదని బర్న్లీ పట్టణంలోని కోపీ వీధిలో అందరి నమ్మకం. ఆధారమేమిటని అడిగితే కాగితం చూపించగలిగినవారు ఎవరూ లేరు. ఒకరి బావమరిదికి అలా జరిగిందట. ఇంకొకరికి ఫోనులో ఎవరో అలా చెప్పారట. పదిహేడో నంబరు ఇంట్లో ఉండే రోలండ్ ఒగ్డెన్‌కు కూడా అరవై రెండేళ్ళు వచ్చేవరకూ ఆ నమ్మకాన్ని పరీక్షించవలసిన అవసరం పడలేదు.

అక్టోబరు చివరి మంగళవారం ఉదయం ఆరింటికి అతను పురపాలక ఈతకొలను కింద, పంపుల గదిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పొడుగు మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా తక్కువ ఎత్తు కప్పు కింద పనిచేయడంతో నడుము పైభాగం ముందుకు వంగిపోయింది. క్లోరిన్ నీళ్ళకు వేళ్ళ చివర్లు తెల్లబడి, నానిన గింజల్లా ముడతలు తేలాయి. కనుబొమల రంగు కూడా ఎప్పుడో వెలిసిపోయింది. గొట్టానికి బిగించిన, నీళ్ళ వేడి చూపే పరికరంలో ముల్లు ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర నిలిచింది. చెవి మీది పెన్సిలు తీసి రిజిస్టరులో ఆ అంకె వేశాడు. తర్వాత సీసాలో నీళ్ళు పట్టి, రెండు చుక్కలు మందు కలిపి, రంగు మారేదాకా వెలుతురులో పట్టుకుని చూశాడు. చలికోటు ఆ గది బయట మేకుకు వేలాడుతోంది. పనిలో కోటు విప్పి, ఇంటికి వెళ్ళాక హీటరు వెలిగించే బదులు దాన్ని తొడుక్కోవడం అతనికి రెండేళ్ళుగా అలవాటు.

అతని ఇంటికి వేడి కోసం గ్యాసు లేదు. ఉన్నవి రెండు కరెంటు హీటర్లు. తల్లి ఈడిత్ తన చివరి చలికాలమంతా రెండింటినీ రాత్రింబగళ్ళు వెలిగించి ఉంచింది. ఎముకల్లో మంచు గడ్డకట్టిందని ఆమె అనేది. అతను కాదనలేదు. ఆమె పోయిన నెలకు పదమూడు వందల పౌన్ల బిల్లు వచ్చింది. కట్టలేనన్నాడు. కంపెనీవారు పాత మీటరు తీసేసి, మెట్ల కింద బీరువాలో తాళంచెవి మీటరు బిగించారు. బొటనవేలంత ప్లాస్టిక్ తాళంచెవి అది. దాన్ని కొట్టుకు తీసుకువెళ్ళి డబ్బు ఎక్కించుకుని, తెచ్చి మీటరులో గుచ్చాలి. ఎక్కించిన దాంట్లోంచి ప్రతి సోమవారం అర్ధరాత్రి మీటరు తొమ్మిది పౌన్లు పాతబాకీ కింద మినహాయించుకుంటుంది. మిగిలిన దానికే వెలుతురు, వేడి.

ఒంటరి మనిషికి అది సరిపోయేది. జూలైలో అన్న నార్మన్‌కు పక్షవాతం వచ్చింది. నార్మన్‌కు డెబ్బై ఒకటి. బస్సు డ్రైవరుగా రిటైరై, ఒక అద్దె గదిలో ఉండేవాడు. ఆ గదికి ముప్పై నాలుగు మెట్లు. ఇక ఎక్కలేడు. రోలండ్ తన ఇంట్లో ముందుగది ఇస్తానన్నాడు. ఆసుపత్రి తరఫున ఇళ్ళు చూసే మిస్ ప్రాక్టర్ షరతు పెట్టింది: నవంబరు ఇరవైన వచ్చి చూస్తుంది, గదిలో పద్దెనిమిది డిగ్రీలు ఉండాలి, అలా నిలుపుకోగలడని తేలాలి. లేకపోతే నార్మన్‌ను యాభై మైళ్ళ దూరాన సముద్రపు ఒడ్డునున్న వృద్ధుల ఆశ్రమానికి పంపుతారు. వెళ్ళిరావడానికి రెండు బస్సులు, ఒక రైలు. రోలండ్‌కు వారానికి ఒక్కరోజే సెలవు.

రిజిస్టరు అట్ట వెనక అతను లెక్క వేశాడు. ఇప్పటి కంపెనీతో గదిని పద్దెనిమిది దగ్గర నిలపడానికి, బాకీతో కలిపి, వారానికి నలభై ఒక్క పౌన్లు. కొత్త కంపెనీ అయితే ధర తక్కువ, బాకీ కింద పట్టుకునేది మూడే. మొత్తం ముప్పై ఒకటి. అద్దె, తిండి పోను అతని చేతిలో మిగిలేది ముప్పై మూడు. మూడుసార్లు వేసినా అంతే వచ్చింది.

గ్రంథాలయంలో ఉచితంగా ఇచ్చే పుస్తకంలో విషయం స్పష్టంగానే ఉంది. తాళంచెవి మీటరువారి బాకీ అయిదు వందల పౌన్లు దాటకపోతే, ఆ బాకీతో సహా వేరే కంపెనీకి మారవచ్చు. అతను దరఖాస్తు పెట్టాడు. పాత కంపెనీ అభ్యంతరం తెలిపింది: బాకీ 506.40. కొత్త కంపెనీ ఈ మంగళవారం సాయంత్రం అయిదు వరకూ దరఖాస్తును పక్కన పెట్టి ఉంచుతామన్నది. ఆలోగా అభ్యంతరం తొలగితే మూడు వారాల్లో మార్పు పూర్తవుతుంది. తొలగకపోతే మళ్ళీ మొదటినుంచి. అప్పటికి ఇరవయ్యో తేదీ దాటిపోతుంది.

పొద్దున బయల్దేరే ముందు అతను మీటరు నీలంరంగు బొత్తాం నొక్కి చూశాడు. రాత్రి తొమ్మిది పౌన్లు పోయాయి. 497.40.

ఎనిమిదింటికి టిక్కెట్ల కిటికీ దగ్గర మేవిస్ అడిగింది, ఇంకా ఆ పిచ్చి వదల్లేదా అని. ఇరవై ఏళ్ళుగా ఆమె ఆ కిటికీ వెనకే కూర్చుంటోంది. పట్టణంలో ఆమెకు తెలియని బాకీ లేదు.

"అప్పుతో సహా నిన్ను తెచ్చి పెట్టుకోడానికి వాళ్ళేమన్నా నీ అత్తారింటివాళ్ళా?" అన్నది.

"నాకు అత్తారిల్లు లేదు కదా, అందుకే వీళ్ళని అడుగుతున్నా," అన్నాడు రోలండ్.

పది గంటల టీ వేళలో పాత కంపెనీకి ఫోను చేశాడు. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. మర్యాదస్తురాలు. తన తెర మీద 506.40 అనే ఉన్నదని చెప్పింది. మీటరులో తాను కళ్ళారా చూసిన అంకె అతను చెప్పాడు. ఆమె కాదనలేదు, తెర మీద ఉన్నదే తాను చెప్పగలనన్నది. మేవిస్ వింటూనే ఉన్నది. అతని కప్పులో ఇంకో చెంచా చక్కెర వేసింది.

పదకొండింటికి రిజిస్టరు పట్టుకుని మేడ మీద మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు ముందురోజు పేజీ నకలు చూస్తున్నాడు.

"నీళ్ళు ఇరవై ఏడేనట కదయ్యా?"

"అది నిన్నటి సంగతండి. ఇవాళ ఇరవై ఎనిమిది."

"నాదాకా రాలేదే మరి?"

"నేను తెస్తే కదండీ వచ్చేది," అని, రోలండ్ రిజిస్టరు బల్ల మీద పెట్టబోయి ఆగాడు. కింద ముల్లు ఎంత చూపినా, తాను మెట్లెక్కి వస్తేనే పైవాళ్ళకు తెలుస్తుంది. మెట్ల కింద బీరువాలోని మీటరుకు తీగ ఉన్నది గాని నోరు లేదు. దాని అంకెను మోసుకుపోయేది తాళంచెవి. ఆ తాళంచెవి మళ్ళీ కొట్లోని యంత్రంలో పడితేనే కంపెనీకి తెలుస్తుంది. కోపీ వీధిలో అందరూ సోమవారం నాడే డబ్బు ఎక్కిస్తారు. కనుక కంపెనీ పుస్తకంలో ఆ వీధి ఎప్పుడూ ఒక వారం వెనకబడి ఉంటుంది.

రెండింటికి పని దిగి, ఇంటికి వెళ్ళి, కోటు తొడుక్కుని మెట్ల కింద వంగాడు. తాళంచెవి మీటరులో గుచ్చి, తెర ఒకసారి మిణికి నిలిచేదాకా లెక్కపెట్టాడు. తీసి, వీధి చివరనున్న షౌకత్ కొట్టుకు నడిచాడు. ఆ కొట్టు షౌకత్ తండ్రి పెట్టింది. రోలండ్‌కు ఇద్దరి చేతులమీదుగానూ చిల్లర పుచ్చుకున్న అనుభవం ఉంది.

"నిన్ననేగా ఎక్కించావ్. అంతా అప్పుడే తగలేశావా? విందా ఏంటి?" అన్నాడు షౌకత్.

"ఒక పౌను వెయ్యి."

"ఒక్కటా?"

"ఒక్కటే. అది పైకి కబురు మోస్తే చాలు."

షౌకత్ తాళంచెవిని యంత్రంలో పెట్టాడు. "పౌనుకి నాకు వచ్చేది ఒక పెన్నీ. రసీదు కాగితానికే రెండు పెన్నీలవుద్ది. మీ అమ్మ కూడా ఇంతే, బేరంలో నన్నే ముంచేది." యంత్రం గంటకోసారి కంపెనీకి లెక్క పంపుతుందని, నాలుగు దాటాక ఫోను చేయమని చెప్పాడు. రోలండ్ పౌను బిళ్ళ బల్ల మీద పెట్టాడు.

ఆసుపత్రి కొండ మీద ఉంది. నార్మన్ కిటికీ పక్క మంచంలో దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఎడమచేయి దుప్పటి మీద ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. మాట తిరిగి వచ్చింది గాని, ప్రతి మాటకూ ముందు ఒక ఆలస్యం. రోలండ్ కుర్చీ దగ్గరకు లాక్కుని, ఉదయం నుంచి జరిగింది క్రమంగా చెప్పాడు.

"అంటే, అమ్మ కాల్చిన కరెంటుకి నువ్వింకా కడుతూనే ఉన్నావట్రా?" అన్నాడు నార్మన్.

"ఇంకా నాలుగొందల తొంభై ఏడున్నాయి అన్నా."

నార్మన్ నోటి కుడివైపు మాత్రం నవ్వింది. "గట్టిది. పోయి రెండేళ్ళయినా చలి కాచుకుంటూనే ఉంది."

తర్వాత కిటికీ వైపు చూస్తూ, "ఆ సముద్రం చోటు బాగానే ఉంటుందట. నర్సు చెప్పింది. నువ్వు మరీ ఇబ్బంది పడకురా," అన్నాడు.

"నీకు సముద్రమంటే పడదు కదా."

"పడదు," అన్నాడు నార్మన్.

నాలుగుంబావుకు రోలండ్ వరండాలోకి వెళ్ళి ఫోను చేశాడు. ఈసారి వేరే అమ్మాయి. అతను మీటరు అంకె చెప్పకుండా బాకీ ఎంతని మాత్రం అడిగాడు. ఆమె 497.40 అన్నది. అభ్యంతరం తీసేయమన్నాడు. తీసేశానని, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. నాలుగూ నలభైకి కొత్త కంపెనీవారు పక్కన పెట్టిన దరఖాస్తు మళ్ళీ చేతికి తీసుకున్నట్టు చెప్పారు. అతను లోపలికి వచ్చేసరికి నార్మన్ నిద్రపోతున్నాడు. లేపలేదు.

నవంబరు పందొమ్మిదిన మార్పు పూర్తయింది. బాకీ 479.40 కొత్త కంపెనీ పుస్తకంలోకి వెళ్ళింది. ఇరవయ్యో తేదీ మిస్ ప్రాక్టర్ వచ్చింది. ముందుగదిలో, మూసేసిన నిప్పుగూటి పైపలక మీద అరచేయంత అట్టముక్క నిలబెట్టి, టీ తాగుతూ గంటసేపు కూర్చున్నది. వేడిని బట్టి అంకెలు వెలిగే పట్టీ ఒకటి ఆ అట్ట మీద అతికించి ఉంది. పద్దెనిమిది వెలిగింది. ఆమె కాగితం మీద సంతకం చేసింది.

ఇరవై రెండున నార్మన్ ఇంటికి వచ్చాడు. పదిహేడు రోజులున్నాడు. పొద్దున్నే తమ్ముడు పనికి వెళ్ళేటప్పుడు నీళ్ళెంత వేడున్నాయో చూసి రమ్మనేవాడు. మధ్యాహ్నం వచ్చాక అంకె అడిగేవాడు. డిసెంబరు తొమ్మిది, ఆదివారం ఉదయం, రోలండ్ టీ తీసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి నార్మన్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రాత్రి ఏ వేళప్పుడో పోయాడని డాక్టరు చెప్పాడు. హీటరు వెలుగుతూనే ఉన్నది. రోలండ్ టీ కప్పు కిటికీలో పెట్టి, అన్న చేతిని దుప్పటి కిందకు సర్దాడు.

అంత్యక్రియలకు వచ్చిన పొరుగువారిలో ఒకరు, కంపెనీవాళ్ళు ఏదో పొరపాటున రోలండ్‌ను చేర్చుకుని ఉంటారని, లేకపోతే అప్పున్నవాణ్ణి ఎవరు తీసుకుంటారని అన్నారు. మేవిస్ ఔనన్నది.

పద్నాలుగో తేదీన ఆసుపత్రివారు మంచం, చక్రాల కుర్చీ, చేతికర్ర తీసుకుపోవడానికి వచ్చారు. జాబితాలో ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుని, రోలండ్ చేత సంతకం చేయించుకున్నారు. ఆ రోజు మీటరులో బాకీ 467.40. వ్యాను వెళ్ళాక అతను ముందుగది హీటరు ఆపాడు. అట్టముక్క జాబితాలో లేదు. అది నిప్పుగూటి పైపలక మీదే ఉండిపోయింది. సాయంత్రానికి దాని మీద పదకొండు వెలిగింది.